కదిలే పిన్నుకి జిగురు వైద్యం రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నెల కిందట మీ ఆదివారం అనుబంధంలో పిల్లల సేకరణ సరదాల మీద ఒక వ్యాసం వచ్చింది. అగ్గిపెట్టె బొమ్మలు, తపాలా బిళ్లలు పోయి ఇప్పుడు ఎనామిల్ పిన్నుల, అంటే చొక్కాకి గుచ్చుకునే రంగు రంగుల లోహపు బ్యాడ్జీల, రోజులు వచ్చాయని రాశారు. బాగుంది, ఫొటోలు కూడా ముచ్చటగా ఉన్నాయి. గొడవంతా ఆ పేజీ అడుగున గళ్ల పెట్టెలో వేసిన చిట్కాతోనే. పిన్ను విరిగితే క్షణంలో అంటుకునే జిగురు ఒక్క చుక్క వేయండి, చాలు అన్నారు. ఏ పిన్నుకి? ఎక్కడ విరిగితే? ఆ రెండు ముక్కలూ రాయలేదు. నేను రైతు బజారుకి వెళ్లిన గంటలో మా ఆవిడ ఆ చిట్కా చదివి మనవరాలి పిన్నుకి ఆపరేషన్ చేసేసింది. ఇదేం పని అంటే, పేపర్లో వేశారు కదండీ అంటుంది. ముప్పై ఏళ్లు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా పనిచేసిన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని మీ పేపరు మాట నమ్మింది! అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ జిగురు సంగతి మాత్రం ఉంచండి.

ముందు ఆ పిన్ను సంగతి చెప్పాలి. మా అమ్మాయి వాళ్లు ఫ్లోరిడాలో ఉంటారు. వేసవి సెలవులకి వచ్చినప్పుడు మనవరాలు, తొమ్మిదేళ్లది, మెడలో వెడల్పాటి పట్టీ ఒకటి వేసుకుని విమానం దిగింది. పట్టీ నిండా పిన్నులే. ఎండలో నడిచొస్తుంటే గంగిరెద్దులా మెరిసిపోయింది. అక్కడి డిస్నీ పార్కులో 1999లో, కొత్త సహస్రాబ్ది వేడుకల పేరుతో పిన్నుల మార్పిడి మొదలుపెట్టారు, అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. పార్కులో పనిచేసే మనుషుల్లో కొందరు కూడా మెడలో ఇలాంటి పట్టీలే వేసుకుని తిరుగుతారు, పిల్లలు వెళ్లి తమ పిన్ను ఒకటి ఇచ్చి వాళ్ల దగ్గర నచ్చినది ఒకటి తీసుకోవచ్చు. అయితే పిన్ను లోహంతో చేసినదై ఉండాలి, వెనక కంపెనీ ముద్ర ఉండాలి, పాడైపోయినది కాకూడదు. అంటే విరిగిన పిన్ను చెల్లని నోటు కింద లెక్క. ఇది నాకు మా మనవరాలే క్లాసు తీసుకుని చెప్పింది.

ఒలింపిక్స్‌లో ఈ మోజు ఇంకా పాతది. 1896లో ఏథెన్స్ ఆటలప్పుడు ఎవరు ఆటగాడో ఎవరు అధికారో తెలియడానికి అట్టముక్క బ్యాడ్జీలు పెట్టుకున్నారు, అక్కడి నుంచి పెరిగి పెరిగి 1988లో కాల్గరీ శీతాకాల ఆటలకి కోకా కోలా వాళ్లు పిన్నులు మార్చుకోవడానికే ఒక కేంద్రం తెరిచారు. మా విశాఖ వాళ్లకి కూడా ఇది పూర్తిగా కొత్తేమీ కాదు. స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో సోవియట్ ఇంజినీర్లు ఇక్కడ ఉండేవారు, వాళ్ల జేబుల్లో ఎప్పుడూ చిన్న చిన్న బ్యాడ్జీలు ఉండేవి, ఎవరైనా సాయం చేస్తే చేతిలో ఒకటి పెట్టేవారు. నాకూ ఒకటి దక్కింది, మాస్కో 1980 ఒలింపిక్స్ ఎలుగుబంటి మీషా బొమ్మ. ఈకలాగా తేలిగ్గా ఉంటుంది, అల్యూమినియం. నా పెళ్లి ఉంగరం ఎక్కడుందో చెప్పలేను గానీ మీషా ఎక్కడున్నాడో చెప్పగలను.

సరే, విరిగిన పిన్ను ఏమిటంటే జెయింట్ వీల్. వేలితో తోస్తే చక్రం గిర్రున తిరుగుతుంది. దాని కింద నీళ్లు, నీళ్లలో ఒక గాడి, గాడిలో చిన్న పడవ, అది అటూ ఇటూ జరుగుతుంది. ఒకే పిన్నులో తిరిగేది, జారేది రెండూ ఉన్నాయన్నమాట. పరిమితంగా చేసిన రకం, మొత్తం ఎన్ని చేశారో ఆ అంకె వెనకే అచ్చు వేసి ఉంది. కొన్నప్పుడు పదిహేను ఇరవై డాలర్లే అయినా ఇప్పుడు షాపులో దొరకదు. పాప బ్యాగు ఆటో తలుపులో ఇరుక్కుని లాగేసరికి చక్రం మధ్య రివిట్, అంటే చక్రాన్ని వెనక పలకకి పట్టి ఉంచే చిన్న మేకు, తెగింది, పడవ వెనక ఉన్న చిన్న మొలక ఊడింది. ఏడవలేదు, అదే నాకు ఇంకా బాధేసింది. రెండు ముక్కలూ చేతిరుమాల్లో మూట కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి, తాతయ్యా నువ్వు మెకానిక్‌వి కదా అంది. సాయంత్రం చూద్దాం అన్నాను. సాయంత్రం దాకా ఆగితే ఈ ఉత్తరం ఉండేది కాదు.

నేను కూరల సంచీతో లోపలికి వచ్చేసరికి చక్రం పలకకి అంటుకుపోయి ఉంది. పడవ గాడి మధ్యలో నిలిచిపోయింది. నీలం రంగు మీద పొగ పట్టినట్టు తెల్లటి మరక. మా ఆవిడ మొహం సంతోషంగా ఉంది, చూశారా గట్టిగా నిలిచింది అంటోంది. గట్టిగానే నిలిచింది, అదే కదా గోల! అది తిరగాల్సిన చక్రం.

ఈ జిగురు ఎలా పనిచేస్తుందో రెండు మాటలు చెప్తాను, అప్పుడు మీకే తెలుస్తుంది ఆ చిట్కాలో తప్పేమిటో. ఈ జాతి జిగురుకి ఎండ, వేడి అక్కర్లేదు, గాలిలో తడి ఉంటే చాలు, గట్టిపడిపోతుంది. నీళ్లకంటే కాస్త చిక్కగా ఉంటుంది కాబట్టి ఎక్కడ సన్నటి సందు కనిపిస్తే అందులోకి తనంతట తానే పాకుతుంది, దీపపు వత్తిలోకి నూనె పాకినట్టు. కదిలే పిన్నులో సందు లేకపోతే కదలిక లేదు, కాబట్టి మీరు చుక్క ఎక్కడ వేసినా అది పోయి చేరేది సరిగ్గా చేరకూడని చోటికే. ఇంకో దరిద్రం ఏమిటంటే, గట్టిపడేటప్పుడు దాంట్లోంచి లేచే ఆవిరి చుట్టుపక్కల వాలి తెల్లటి పొరలా పేరుకుంటుంది. గాలిలో తడి ఎక్కువైతే ఆ పొర ఇంకా ఎక్కువ. మాది సముద్రం ఒడ్డు ఊరు, మే నెలలో తువ్వాలు కూడా ఆరదు, మరక ఎందుకు రాదు? 1942లో అమెరికాలో తుపాకీ గురికళ్లకి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఈ పదార్థం దొరికిందట, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతోందని విసుగొచ్చి పక్కన పడేశారు, 1958లో గానీ జిగురుగా అంగట్లోకి రాలేదు. ఆ విసుగు ఎలాంటిదో నాకు ఆరోజు అర్థమైంది.

వేసినదాన్ని తీయడం ఎలా? గోళ్ల రంగు తుడిచే ద్రావకం, అదే ఎసిటోన్, ఈ జిగురుని కరిగిస్తుంది. వెంటనే సీసా తీయకండి. అది పిన్ను మీది రంగుని కూడా తినేస్తుంది. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. పిన్ను మీద గోరుతో అడ్డంగా గీస్తే లోహపు గీతలు మెట్లలాగా తగిలితే అది మెత్తటి ఎనామిల్ రకం, అంటే గుంటల్లో రంగు పోసి ఆరబెట్టింది, ఎసిటోన్ తగిలిందా పోయినట్టే. గోరు అద్దం మీద జారినట్టు జారితే గట్టి రకం, రంగు గట్టిగా కాల్చి పైనుంచి సాన పట్టింది, కొంచెం ఓర్చుకుంటుంది గానీ దాన్నీ నమ్మలేం. మా జెయింట్ వీల్ మెత్తటి రకం. కాబట్టి గోరువెచ్చటి సబ్బు నీళ్లలో రాత్రంతా నానబెట్టాను, తడికీ వేడికీ ఆ జిగురు పట్టు సడలుతుంది. తెల్లారి పళ్ల సందుల్లో లాగే దారం తీసుకుని చక్రానికీ పలకకీ మధ్య రంపంలాగా అటూ ఇటూ ఆడించాను. గంట పట్టింది. స్క్రూ డ్రైవరు మొన పెట్టి ఒక్కసారి మీటేద్దామని చేయి లాగింది గానీ ఆగాను, మీటితే పలక వంగేది, వంగిన పలక మీద రంగు పగిలి రాలిపోయేది. చక్రం ఊడొచ్చాక దాని వెనక రంగు లేని ఉత్త లోహం కాబట్టి అక్కడ మాత్రం చెవిపుల్లతో ఎసిటోన్ రాసి తుడిచాను. ముందు వైపు మిగిలిన తునకల్ని వెదురు పుల్లతో గీకాను. ఇనప మొన ఏదీ రంగు దగ్గరికి రానీయలేదు.

ఇప్పుడు అసలు పని. మొదట టంకం పెడదామా అనుకున్నాను, ఎంతైనా పాత అలవాటు. అయస్కాంతం పెట్టి చూస్తే అంటుకోలేదు, కాబట్టి ఇనుము కాదు. వెనక ఒక మూల పిసరంత గీస్తే లోపల పచ్చగా లేదు, బూడిద రంగు, కాబట్టి ఇత్తడి కాదు. ఇలా చిల్లులు, గాడులు, మెట్లు ఉన్న పిన్నుల్ని ఎక్కువగా జింకు మిశ్రమంతో పోత పోస్తారు, జింకులో సుమారు నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియం. అది 380, 390 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. పైగా దాని మీద టంకం సరిగా పట్టదు కూడా. అయినా పెద్దవాళ్ల మాట వినాలి కదా అని కురుపాం మార్కెట్ వీధిలో నాకు తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన శ్రావణంతో పట్టుకుని, కంటికి అద్దం పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూసి నవ్వాడు.

"ఇది మీనా కాదు మాస్టారూ, రంగు."

నిజమే. మన నగల మీద మీనా అంటే గాజు పొడి, 800 డిగ్రీల దరిదాపుల్లో పొయ్యిలో కరిగి బంగారాన్ని పట్టుకుంటుంది, జైపూర్ పని అదే. అందుకే తాతల నాటి నగల మీద మీనా ఇంకా మెరుస్తుంది. ఈ పిన్నుల మీద ఉన్నది పేరుకి ఎనామిల్, నిజానికి రెసిన్ రంగు, మంట తగిలితే గోధుమ రంగుకి తిరిగి పొక్కులు లేస్తుంది. నేను వెలిగారం వేసి మంట ఊదితే నా టంకం కరిగేలోపు మీ పిన్ను కరిగి దాగలి మీద ముద్దవుతుంది అన్నాడాయన. పనివాడు అంటే అలా ఉండాలి, చేయకూడని పని ముందే చెప్పాలి. అంతకు ముందు రోజు ఒక గిఫ్టు షాపులో అడిగితే, సార్ మావాడు సోల్డరింగ్ చేసేస్తాడు ఐదు నిమిషాలు అన్నారు. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

మరి మంట వద్దు, జిగురు వద్దు అంటే ఎలా? జిగురు వద్దని నేను అనలేదు, కదిలే చోట వద్దన్నాను. ఒక కీలులో కదిలే భాగం ఉంటుంది, కదలని భాగం ఉంటుంది. కదలని ముక్కని కదలని ముక్కకి అతికించడానికి జిగురు భేషైన మందు. కదిలే ముక్కని పట్టి ఉంచడానికి మాత్రం రివిట్టో, స్క్రూనో, తీగో, ఇలాంటి లోహమే కావాలి, దాని చుట్టూ కాస్త వదులు కావాలి. తలుపు మడతబందు మేకు పోతే ఎవరైనా తలుపుని గుమ్మానికి జిగురు పెట్టి అతికిస్తారా?

చక్రానికి మందు కంసాలి దగ్గర దొరకలేదు, కళ్లజోళ్ల షాపులో దొరికింది. ఫ్రేము లేని కళ్లజోళ్లలో అద్దానికి చిల్లు పెట్టి బిగించే సన్నటి స్క్రూలు ఉంటాయి చూడండి, 1.4 మిల్లీమీటర్ల మందం, వాటికి గుండ్రటి టోపీ లాంటి నట్టు కూడా వస్తుంది. ఇరవై రూపాయలకి రెండు జతలు ఇచ్చాడు. నా ఎనిమిదేళ్ల పాత కళ్లజోడుకి అదే స్క్రూ ఉందని అప్పుడు గమనించాను. తెగిన రివిట్ తునక ఇంకా పలక చిల్లులో ఇరుక్కుని ఉంది. జగదాంబ దగ్గర పేవ్‌మెంటు మీద గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర చేతితో తిప్పి చిల్లు వేసే చిన్న బర్మా అరువు తెచ్చుకుని, ముందు సన్నటి మొన, తర్వాత ఒకటిన్నర మిల్లీమీటరుది, వేళ్లతో మెల్లగా తిప్పాను. జింకు మెత్తన, మొన పళ్లలో ఇరుక్కుని పట్టేస్తుంది, ఒక చుక్క కిరసనాయిలు వేస్తూ మధ్యమధ్య తీసి తుడుస్తూ ఉండాలి. కరెంటు డ్రిల్లు పెడితే ఒక్క క్షణంలో పలక చీలిపోవచ్చు, ఎంత అనుభవం ఉన్నా సరే.

బిగించేటప్పుడు ఒక పాత కిటుకు ఉంది, మా వర్క్‌షాపులో నేను చేరిన మొదటి ఏడాది నేర్పినది, ఇప్పటికీ ఏ చిట్కాల పేజీలోనూ నాకు కనపడలేదు. చక్రానికీ పలకకీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టాలి. కాగితం పెట్టి నట్టు గట్టిగా బిగించేయాలి, తర్వాత కాగితం లాగేయాలి. ఆ కాగితం మందమే మీకు మిగిలే వదులు. అంతే. చేతి లెక్కన బిగిస్తే అయితే బిగుసుకుపోతుంది, లేకపోతే లొడలొడలాడుతుంది, కాగితం అబద్ధం చెప్పదు. నేను మీ పేపరు ముక్కే వాడాను, సరిగ్గా ఆ చిట్కా ఉన్న పేజీలోంచి చింపి. కోపమేమీ లేదు, అప్పటికి అది చేతికి అందింది.

కాగితంతో పాటు పాల ప్యాకెట్టు కవరులోంచి చిన్న బిళ్ల కత్తిరించి, మధ్యలో సూదితో పొడిచి, చక్రం కింద వాషరుగా వేశాను. చక్రం తిరిగినప్పుడల్లా కింది రంగుని గీకకుండా ఉంటుంది. స్క్రూ వెనక మిగిలిన పొడుగు కత్తిరించి ఆకురాయితో నున్నగా చేశాను, లేకపోతే పాప చొక్కాకి చిల్లు పడుతుంది. నట్టు తనంతట తాను వదులైపోకుండా దాని మీద మా ఆవిడ గోళ్ల రంగు ఒక బొట్టు పెట్టాను. ఆ విధంగా ఆవిడకి కూడా మరమ్మతులో గౌరవప్రదమైన భాగం దక్కింది.

పడవ కొంచెం కష్టపెట్టింది. పడవ వెనక ఒక మొలక ఉండేది, అది గాడిలోంచి అవతలికి వచ్చి వెనక ఒక బిళ్లతో ఆగేది, దాని మీదే పడవ జారేది. ఆ మొలక ఊడిపోయింది. ఇక్కడ కంసాలి బుర్ర చూడండి. పడవ జింకు, దానికి టంకం పెట్టలేం. కానీ ఇత్తడికి ఇత్తడి పెట్టొచ్చు కదా! పావలా కంటే చాలా చిన్న ఇత్తడి రేకు బిళ్ల కోసి, దాని నడుమ ఇత్తడి తీగ ముక్క నిలబెట్టి టంకం వేసి ఇచ్చాడు, చూడటానికి తల వెడల్పున్న గుండుసూదిలా ఉంది. మంట పని అంతా పిన్నుకి దూరంగా అయిపోయింది. తీసుకున్నది నూట యాభై. ఇంకో యాభై ఇవ్వబోతే, బొమ్మ బాగయ్యాక పాపని తీసుకొచ్చి చూపించండి చాలు అన్నాడు.

ఆ బిళ్లని పడవ వెనక అతికించాలి. బిళ్ల కదలదు, పడవ మీద దాని చోటు మారదు, కాబట్టి ఇప్పుడు జిగురు వాడొచ్చు. అయితే క్షణంలో అంటుకునేది కాదు, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ, అరాల్డైట్ లాంటిది. రెండింటినీ సమానంగా పిండాలి, కళ్లతో కొలిచి సరిపోయిందనుకోవద్దు, ఒకటి ఎక్కువైతే ఎన్ని రోజులైనా జీడిపాకంలాగే ఉంటుంది. అంటించే రెండు ముఖాలనీ సన్నటి గరుకు కాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనీయకూడదు, మన వేలి జిడ్డు చాలు పట్టు తప్పడానికి. ఐదు నిమిషాల రకం కాకుండా రాత్రంతా పట్టే రకం వాడాను, పట్టు బాగుంటుంది, కదిపి సరిచేసుకోవడానికి కూడా టైము దొరుకుతుంది. తెల్లారాక తీగని గాడిలోంచి దూర్చి, వెనక చిన్న వాషరు తొడిగి, తీగ కొసన మళ్లీ ఒక ఎపాక్సీ బొట్టు పెట్టాను. ఈ బొట్టు కారి గాడికి అంటుకుంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది, అందుకని ముందే గాడి అంచులకీ పలకకీ అగ్గిపుల్లతో వ్యాజలీన్ పూశాను. జిడ్డు మీద ఎపాక్సీ పట్టదు. ఇందాక జిడ్డు శత్రువు, ఇప్పుడు అదే మిత్రుడు. వాషరు కింద ఇక్కడ కూడా కాగితం ముక్కే. ఆరాక లాగేశాను.

తెల్ల మరక గురించి ఎవరైనా అడుగుతారు. మెత్తటి గుడ్డకి పిసరు నూనె అద్ది ఓపిగ్గా రుద్దితే చాలా వరకు కనపడకుండా పోయింది, ఒక మూల ఇంకా నీడలా ఉంది. రంగు రాలిన చోట గోళ్ల రంగో, బొమ్మలకి వేసే రంగో పంటిపుల్ల కొసతో ఒక్కో చుక్కా దించుకోవచ్చు. మాకు అంత అవసరం రాలేదు.

వెనక గుచ్చుకునే సూది ఊడితే మాత్రం అందరూ భయపడతారు గానీ అది అన్నిటికంటే తేలిక. కింద చదునైన బిళ్ల ఉన్న సూదులు విడిగా దొరుకుతాయి, అదే ఎపాక్సీతో పాతది ఉన్న చోటే అంటించడం. ఒక్క సంగతి, వెనక ఉన్న ముద్ర మీద, అంకె మీద జిగురు పూయకండి. సేకరించేవాళ్లు ముందు చూసేది వెనక వైపే. నకిలీ పిన్నులు బోలెడు తిరుగుతున్నాయి, ఆ ముద్ర చూసే వాళ్లు నమ్ముతారు.

ఇంకో విషయం, దీనికి కొందరు ఒప్పుకోకపోవచ్చు. బాగుచేసిన పిన్నుని బాగుచేసిందని చెప్పకుండా ఎవరికీ ఇవ్వకూడదని నా ఉద్దేశం. మా పాపకి అదే చెప్పాను. కళ్లజోడు స్క్రూ ముందు నుంచి చూస్తే అసలు రివిట్ కంటే అందంగానే ఉంది, ఎవరూ పట్టుకోలేరు, కాబట్టే చెప్పాలి. పట్టుబడేదైతే చెప్పక్కర్లేదు, వాళ్లే చూసుకుంటారు. మా అల్లుడు గారు పక్కనే ఉండి, మావయ్య గారూ అది పిల్లల పిన్ను, కారు కాదు అన్నారు. కారుకైతే ఒక న్యాయం, పిన్నుకైతే ఒక న్యాయమా అని అడిగాను, ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు.

కారు అంటే గుర్తొచ్చింది. 2022 డిసెంబరు 24న, వినియోగదారుల దినం నాడు, కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, వ్యవసాయ యంత్రాలు ఇవన్నీ అందులో ఉన్నాయి, మంచిదే. కానీ చిన్న వస్తువులకి పోర్టల్ ఏం చేస్తుంది? వాటికి కావాల్సింది కంటికి అద్దం పెట్టుకుని పేవ్‌మెంటు మీద కూర్చున్న మనిషి. ఆ బర్మా అరువిచ్చిన గడియారాల ఆయన పక్కన ఇదివరకు ఇంకో ఇద్దరు కూర్చునేవారు, ఇప్పుడు ఆ చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మీ అనుబంధంలో కొనుక్కోవాల్సిన వస్తువులకి రెండు పేజీలు ఇస్తారు కదా, ఇలాంటి పనివాళ్ల గురించి నెలకి ఒక పావు పేజీ ఇస్తే మీ సొమ్మేం పోతుంది? నేను రాసిపెడతాను, డబ్బులు కూడా వద్దు. అక్షర దోషాలు మాత్రం మీరు దిద్దుకోవాలి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ఒక సవరణ వేయండి: కదిలే భాగాలున్న పిన్నులకి క్షణంలో అంటుకునే జిగురు వాడకండి, తెగిన రివిట్‌కి కళ్లజోడు స్క్రూ వాడొచ్చు, కదలని అతుకులకి మాత్రమే ఎపాక్సీ. మూడు లైన్లు. సవరణలు లోపలి పేజీల్లో ఎక్కడో మూలన వేస్తారని నాకు తెలుసు, మా ఆవిడ మూలలు చదవదు.

పాప జూన్ మొదటి వారంలో వెళ్లిపోయింది. వెళ్లే ముందు రోజు చక్రం తిరుగుతోంది, పడవ జారుతోంది, కంసాలికి చూపించి వచ్చాం, ఆయన పదిసార్లు తిప్పి చూసుకున్నాడు. నేను మెల్లగా అడిగాను, నీ జెయింట్ వీల్ నాకు ఇస్తావా, మాస్కో నుంచి వచ్చిన మీషాని ఇస్తాను, నీ వయసుకి నాలుగింతల కంటే పెద్దవాడు అని. మీషాని తీసుకుని వెనకా ముందూ చూసింది, గోరుతో గీసి చూసింది, నేనే నేర్పాను మరి. కాసేపు ఆలోచించి, తాతయ్యా ఇది ట్రేడ్‌కి కాదు, మీషాని ఊరికే ఇస్తే తీసుకుంటాను అంది.

ఇచ్చేశాను.

ఇట్లు
మీ పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం